పొలిమేర దాటు సరకు



ఆఫ్రికాఖండమునందలి దేశములు తమలో తాము వర్తకము పెంపొందించుకొనుటకై చేయుచున్న ప్రయత్నమునుగూర్చియు, ఆ ప్రయత్నము మనకు నేర్పు పాఠమునుగూర్చియు నేడు కొంత ప్రసంగింపదలచితిని. పెద్దమండ్యమున వేరుసెనగ వేయు రైతునకును, మదనపల్లెలో టమోటా పెట్టెలు దింపు కూలివానికిని ఆఫ్రికా సంగతి యేల యని కొందఱికి తోపవచ్చును. సరకు పొలిమేర దాటునప్పుడు కలుగు లాభనష్టములు ఎల్లయెడల నొక్కటియే. ఖండాంతరమున పెద్దయెత్తున జరుగుచున్న కార్యమునకు చిన్న నమూనా మన ముంగిటనే యున్నది. కావున ముందు మన యింటి సంగతి చెప్పి, పిమ్మట ఆఫ్రికాకు పోయి, మఱల మన తోటలకు వత్తము.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడు ప్రాంతములును మూడు రాష్ట్రముల కూడలికి చేరువనున్నవి. కుప్పమునకు ఒకప్రక్క కర్ణాటకము, మఱియొకప్రక్క తమిళనాడు. బెంగుళూరునుండి చెన్నపట్టణము పోవు రైలుదారి ఆ యూరిమీదుగనే పోవును. మదనపల్లె, పుంగనూరులకు పడమటిదిక్కున ముళబాగిలు, శ్రీనివాసపురము, చింతామణి యను కన్నడసీమ యూళ్లు గలవు. అచ్చటి సంతలలో తెలుగు వినబడును. మన మండీలలో కన్నడమును తమిళమును వినబడును. ద్రావిడభాషల యధ్యయనమునకై 1997వ సంవత్సరమున నేర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయమునకు కుప్పము తావయ్యెనన్న నందులో వింత లేదు. తుదకు మన తోటలలో విరివిగా కాయు తోతాపురి మామిడిని జనులు బెంగుళూరా యని కూడ పిలుతురు. పండు మనది, పేరు పొరుగువారిది. పొలిమేరలను పాలకులు గీయుదురు గాని, సంత వానిని ఏనాడో చెఱిపివేసినదనుటకు ఇంతకంటె సాక్ష్యము వలయునా?

మన సంతలలో మేటి మదనపల్లె టమోటా సంత. ఉత్తరదేశమున టమోటా కొఱతపడు వేసవిలోను, తొలివానకారులోను, చల్లని యీ పీఠభూమిమీద పంట వచ్చుచుండుటచే దూరదేశపు వర్తకులు ఇచ్చటికి వత్తురు. తంబళ్లపల్లె, ములకలచెరువు, గుఱ్ఱంకొండ, వాల్మీకిపురము మున్నగు చోటుల రైతులు తెల్లవాఱకమునుపే సరకు మండీకి చేర్తురు. వేలము ముగియగనే లారీలు కదలును. కొన్ని చెన్నపట్టణమునకు, కొన్ని బెంగుళూరునకు, కొన్ని వింధ్యకు ఆవలి నగరములకు పోవును. కాబట్టి మన రైతు వెల మన యూర నిర్ణయమగుట లేదు. ఎంతదూరము సరకు ఆటంకములేక పోగలదో అంతదూరపు గిరాకి దానిని నిర్ణయించును.

ఇక సుంకము మాట. దీనికి మనదేశమున పెద్ద చరిత్రయే కలదు. కౌటిల్యుని యర్థశాస్త్రమున శుల్కాధ్యక్షుడను నుద్యోగినిగూర్చి ప్రత్యేకముగా చెప్పబడినది. నగరద్వారమున సుంకపుసాల కట్టించి, వచ్చు సరకుయొక్క కొలతను వెలను విచారించి సుంకము గొనుట యతని పని. రాజ్యమునకు కీడుచేయు సరకును ఆపవలెననియు, మహోపకారముచేయు సరకును సుంకములేకయే రానీయవలెననియు ఆ గ్రంథము విధించినది. అనగా ద్వారము మూయుటయు తెఱచుటయు ప్రజల మేలుకొఱకే గాని బొక్కసముకొఱకు మాత్రమే కాదని పూర్వులెఱుగుదురు. కుంఫిణీ దొరతనమువారు చెన్నరాజధానిలోని దారిసుంకములను 1844లో రద్దుచేసిరి. స్వతంత్ర భారత రాజ్యాంగము 301వ అధికరణమున దేశమంతట వర్తకవాణిజ్యములును రాకపోకలును స్వేచ్ఛగా నుండవలెనని శాసించినది. ఐనను రాష్ట్రములు వేర్వేఱు అమ్మకపుపన్నులు వేయుచుండుటచే పొలిమేరలందు చెక్‌పోస్టులు దశాబ్దములకొలది నిలిచియుండెను. 2017 జూలై 1వ తేదీన వస్తుసేవల పన్ను, అనగా జీ.ఎస్.టీ., అమలునకు వచ్చిన పిదపనే ఆ పన్ను చెక్‌పోస్టులు తొలగినవి.

టమోటావంటి పచ్చిసరకునకు ఆ పన్ను లేనే లేదు. ఐనను చెక్‌పోస్టులు పోవుటవలని మేలు పచ్చిసరకునకే హెచ్చు. ఇది యెట్లని యడుగుదురా? బడిపంతులనైయుంటిని గావున లెక్క కల్పించి చెప్పెదను. ఒక లారీలో నూఱు పెట్టెల టమోటా యున్నదనియు, పెట్టె వెల 300 రూపాయలనియు అనుకొందము. సరకు మొత్తము 30,000 రూపాయలు. పొలిమేరయొద్ద నూటికి రెండు చొప్పున సుంకము గొనినచో 600 రూపాయలు పోవును. సుంకమేమియు లేక, ముందున్న లారీల కాగితములు చూచుటలో మన లారీ యొక పగలెల్ల నెండలో నిలిచి, పది పెట్టెలు మెత్తబడి పాఱవేయవలసివచ్చినచో 3,000 రూపాయలు పోవును. కట్టని సుంకము కట్టిన సుంకమునకు అయిదురెట్లైనది! కాలహరణమే ఘోరమైన సుంకము. ఈ యొక్క సూత్రమును మనసున నుంచుకొన్నచో ఆఫ్రికా కథ సులభముగ బోధపడును.

ఆఫ్రికా పొలిమేరలు చాలవఱకు ఆఫ్రికావారు గీసికొన్నవి కావు. 1884-85 సంవత్సరములలో ఐరోపా రాజ్యములు బెర్లిను నగరమున సభచేసి, ఆ ఖండమును ఆక్రమించుకొనుటకు తమలో నియమము లేర్పఱచుకొన్నవి. పిదప గీసిన గీతలు ఒకే భాషవారిని, ఒకే సంతవారిని రెండు మూడు రాజ్యములపాలు చేసినవి. రైలుదారులును బాటలును గనినుండి రేవునకు, తోటనుండి రేవునకు వేయబడెను గాని, పొరుగూరినుండి పొరుగూరికి వేయబడలేదు. రాగి, కోకో, ప్రత్తి, కాఫీ ఓడలెక్కి పశ్చిమమునకు పోయెను. తయారైన సరకు ఓడలలో తిరిగి వచ్చెను. స్వాతంత్ర్యము వచ్చిన పిదపను ఈ మార్గము మాఱుట కష్టమయ్యెను. ఆఫ్రికాదేశములు లోకముతో చేయు వర్తకమునందు తమలో తాము చేసికొనునది నూటికి సుమారు పదునైదు పాళ్లు మాత్రమే. పదునాఱు దేశములకు సముద్రతీరమే లేదు. అట్టి దేశపు సరకు రేవు చేరవలెనన్న ఒకటి రెండు పరాయి పొలిమేరలు దాటకతప్పదు.

ఈ దుఃస్థితిని తొలగించుటకు వారు చాలకాలమునుండి పాటుపడుచున్నారు. దక్షిణాఫ్రికా, బోట్స్‌వానా, నమీబియా, లెసోతో, ఎస్వాటినీలు సభ్యులుగానున్న సుంకపుకూటమి 1910లో నేర్పడినది. లోకమున నేటికిని నడచుచున్న సుంకపుకూటములలో అదియే ప్రాచీనము. పడమటి ఆఫ్రికా దేశములు 1975లో నొక యార్థికసంఘముగ నేర్పడెను. కెన్యా, ఉగాండా, టాంజానియాలు 1967లో తూర్పు ఆఫ్రికా సంఘమును స్థాపించుకొని, 1977లో విడిపోయినవి. ఆ విడిపోవుట మనము శ్రద్ధగ చూడదగినది. రాజకీయపు వైరములు దానికి కారణమయ్యెను. వానితోబాటు కర్మాగారములు హెచ్చుగానున్న కెన్యాకే లాభమంతయు పోవుచున్నదని తక్కిన యిద్దఱికి కలిగిన యసంతృప్తియు కారణమయ్యెను. లాభము కలుగుట చాలదు, అది పంచుకొన్నట్లు కనబడవలెను. ఈ యనుభవముతోనే ఆ మూడు దేశములు 1999లో క్రొత్త యొడంబడిక చేసికొనగా 2000 సంవత్సరమున సంఘము మఱల నిలువబడినది. నేడందు ఎనిమిది దేశములున్నవి.

ఖండమంతటిని ఒక్క సంతగా చేయవలెనను సంకల్పము 1991 నాటి అబూజా యొడంబడికలో స్పష్టమైనది. 2018 మార్చి 21వ తేదీన రువాండా రాజధానియగు కిగాలీలో ఆఫ్రికాఖండ స్వేచ్ఛావాణిజ్య మండలపు ఒప్పందముపై చేవ్రాళ్లు మొదలయ్యెను. అది 2019 మే 30న అమలునకు వచ్చెను. 2021 జనవరి 1వ తేదీనుండి దాని క్రింద వర్తకము ఆరంభమైనట్లు ప్రకటింపబడెను. ఆఫ్రికా కూటమిలోని 55 సభ్యరాజ్యములలో ఎరిత్రియా తప్ప తక్కిన 54 సంతకము చేసినవి. కార్యస్థానము ఘానా రాజధానియగు అక్రా. సరకుల పద్దులలో నూటికి తొంబదింటిపై సుంకము క్రమముగ తీసివేయవలెను. ఏడింటిపై మఱింత మెల్లగ తీసివేయవచ్చును. మూడింటిని విడిగా నుంచుకొనవచ్చును. బీదదేశములకు గడువు హెచ్చు. ఆ మూడింటి పాళ్లు ఏలయనగా, ఏ దేశమునకైనను తన బీదరైతు బ్రతుకు ఆధారపడిన సరకు ఒకటి రెండైన నుండును గదా! ద్వారము తెఱచుటతోబాటు తెఱవని కిటికీ యేదో ముందుగనే వ్రాసికొనుట ఈ యొప్పందములోని వివేకము.

మఱి రెండు విశేషములు చెప్పవలెను. మొదటిది సరకుయొక్క జన్మనిర్ణయము. బయటిదేశమునుండి వచ్చిన చొక్కాకు ఒక గుండీ కుట్టి, ఇది ఆఫ్రికాలో పుట్టినదని సుంకము తప్పించుకొనువారుండవచ్చును. కాబట్టి ఎంతపని ఖండమునందు జరిగినచో సరకు ఖండముదగునో నిర్ణయించు నియమములు కావలెను. వస్త్రముల విషయమునను మోటారుబండ్ల విషయమునను ఈ చర్చలు చిరకాలము సాగినవి. రెండవది చెల్లింపు. ఒక ఆఫ్రికాదేశపు వర్తకుడు మఱియొక ఆఫ్రికాదేశపు వర్తకునికి సొమ్ము పంపవలెనన్న తన నాణెమును డాలరుగ మార్చి, విదేశపు బ్యాంకులమీదుగ నడపవలసివచ్చెడిది. దానిని తప్పించుటకు 2022 జనవరిలో సర్వాఫ్రికా చెల్లింపుల యేర్పాటు నొకదానిని ఆరంభించిరి. దానివలన కొనువాడు తన నాణెములో నిచ్చును, అమ్మువాడు తన నాణెములో పుచ్చుకొనును.

పొలిమేరయొద్ద నిలిచి పాడగు సరకునకును వారొక యుపాయము కనిపెట్టిరి. జాంబియా, జింబాబ్వేల నడుమ జాంబెజీనదిపై చిరుండు అను తావున, 2009లో రెండు దేశముల తనిఖీని ఒక్కచోట చేర్చిరి. ఏటికి ఈవల నొకమాఱు, ఆవల నొకమాఱు లారీ నాపుటకు మాఱు, రెండు దేశముల యుద్యోగులును ఒక్క కప్పుక్రింద కూర్చుండి ఒక్కమాఱే చూచి పంపుదురు. నేను చెప్పిన నూఱుపెట్టెల లెక్కకు ఇదియే జవాబు.

ఇంతవఱకు చెప్పినది తెఱచిన తలుపుల కథ. ఇక మూసిన తలుపుల కథ వినుడు. నైజీరియా ప్రభుత్వము దొంగతనముగ వచ్చు బియ్యమును ఆపుటకై 2019 ఆగస్టునుండి 2020 డిసెంబరువఱకు తన నేలపొలిమేరలను సరకునకు మూసివేసెను. ఆ నడుమనే అది ఖండపు ఒప్పందమును ధ్రువపఱచినది! 2021 మార్చిలో కెన్యా ప్రభుత్వము బూజువిషము కలదని ఉగాండా, టాంజానియాల మొక్కజొన్నను నిలిపివేసి, కొలదిదినములలోనే పరీక్షాపత్రము లుండవలెనను షరతుతో మఱల రానిచ్చెను. అన్నిటికంటె మనకు దగ్గఱి సంగతి బోట్స్‌వానాది. 1910 నాటి సుంకపుకూటమిలో దక్షిణాఫ్రికాతో కలిసియున్న ఆ దేశము, తన రైతులను నిలబెట్టుటకై 2022 ఆరంభమునుండి టమోటా మొదలగు పలు కూరగాయల దిగుమతిని నిషేధించినది. నూఱేండ్లకు పైబడిన కూటమియే యైనను, టమోటాముందు తలుపు పడినది!

ఇది విని నవ్వుకొనవలదు. మన ముంగిటి తలుపును నిట్లే పడినది. 2025 వేసవిలో తోతాపురి మామిడి విరగకాచెను. గుజ్జు కర్మాగారములలో వెనుకటి నిలువలు తఱుగలేదు. కాయలకు వెల పడిపోయెను. మన ప్రభుత్వము కర్మాగారములవారు కిలోకు 8 రూపాయలీయవలెననియు, తాను 4 రూపాయలు చేర్చి రైతునకు 12 రూపాయలు ముట్టజెప్పుదుననియు ప్రకటించెను. ఇట్లు వెల నిలబెట్టినపుడు పొరుగురాష్ట్రపు కాయ ఇచ్చటికి వచ్చిపడునను భయము కలిగెను. జూన్ 7వ తేదీన చిత్తూరు జిల్లా యధికారులు ఇతర రాష్ట్రముల తోతాపురి కాయను జిల్లాలోనికి రానీయరాదని యుత్తరువు చేసిరి. పొలిమేరలందు మఱల కావలి పడెను. శ్రీనివాసపురపు రైతులు గగ్గోలుపడిరి. వారు ఏండ్లతరబడి తమ కాయను చిత్తూరు గుజ్జు కర్మాగారములకే తెచ్చుచున్నవారు. కర్ణాటక ముఖ్యమంత్రి శ్రీ సిద్ధరామయ్య మన ముఖ్యమంత్రికి లేఖ వ్రాసి యుత్తరువు నుపసంహరింపుమని కోరెను.

ఇందులో తప్పెవ్వరిది? చిత్తూరు రైతునకు, చెట్టున కాయ మాగి రాలుచుండగా, ప్రభుత్వ సహాయమంతయు పరులపాలగునన్న భయము న్యాయమైనది. శ్రీనివాసపురపు రైతునకు, ఒక్క యుత్తరువుతో తన సంత మూతపడుట యన్యాయముగ తోచుటయు న్యాయమే. ఇద్దఱును ఒకే చెట్టును పెంచువారు, ఒకే వానను ఎదురుచూచువారు. తగవు రైతునకును రైతునకును గాదు. పంట విరివి యగుననియు, పాతనిలువలు తఱుగలేదనియు పూత దశనుండియే లెక్క కట్టవచ్చును. పూతనాడు కూర్చుండి మాటాడుకొనవలసినవారు కోతనాడు తలుపు మూయవలసివచ్చుట, అదియే దోషము. రాజ్యాంగమునందలి 304వ అధికరణము ప్రజాహితమునకై తగుమాత్రపు కట్టడులను రాష్ట్రశాసనసభ రాష్ట్రపతి ముందనుమతితో చట్టరూపమున చేయవచ్చునని చెప్పుచున్నది. అనగా కారణము చెప్పుకొని, చర్చించి, ముందుగ తెలియజేసి చేయవలెననియే దాని యాశయమని నా యభిప్రాయము.

ఇంకొక సంగతియు ఆలోచింపుడు. మామిడికి మనము మూసినట్లే టమోటాకు వారు మూసినచో మన గతి యేమి? 2023 జూలైలో మదనపల్లెయందు కిలో టమోటా వెల నూఱు రూపాయలు దాటి పెరిగెను. ఆ సంవత్సరమే నేపాళమునుండి కూడ మనదేశమునకు టమోటా తెప్పింపవలసివచ్చెను. రెండు మాసములు తిరుగకమునుపే వెల నేలకు దిగి రైతు మఱల దిగులుపడెను. ఒక్కయేట రెండు కొసలు! ఇట్టి పంటకు దూరపు సంతయే బీమా. మనకు కొఱతయైనపుడు కోలారు సరకు మన నగరములను ఆదుకొనును. మనకు విరివియైనపుడు చెన్నపట్టణము, బెంగుళూరు మన సరకును గొనును. తలుపు ఒక్కమాఱు మూసినచో ఆ బీమా ఇరువైపుల చెల్లకపోవును. ఆఫ్రికాలో ఘానాదేశపు వర్తకస్త్రీలు ఎండకాలమున బుర్కినాఫాసోకు పోయి టమోటాను లారీలకెత్తి తెచ్చుకొందురు. బుర్కినాఫాసో, మాలీ, నైజరు దేశములు 2025 జనవరి 29న పడమటి ఆఫ్రికా సంఘమునుండి తొలగినపుడు, ఆ సంఘము ఆ దేశముల సరకును మునుపటివలె సుంకములేక రానిచ్చుచుండవలెనని సభ్యులకు చెప్పినది. ప్రభుత్వములు విడిపోయినను సంత విడిపోరాదను వివేక మందు కనబడుచున్నది.

కావున నేను చెప్పదలచినది ఒక్కటే. సుంకము తీసివేయుట సగముపని. ఆ సగము సులభము. సరకు విరివియైన యేట నష్టమును ఎవరు ఎట్లు మోయవలెనో ముందుగ నిర్ణయించుకొనుట తక్కిన సగము, అదియే కష్టము. దానికి మూడు సాధనములు కావలెను.

మొదటిది, పంటకు ముందు లెక్క. మూడు రాష్ట్రముల యుద్యానశాఖలవారు, గుజ్జు కర్మాగారములవారు, రైతులు ఏటేట పూతనాడు కలిసికొని, కాయ యెంత, నిలువ యెంత, కర్మాగారముల శక్తి యెంత యని విచారింపవలెను. రెండవది, సహాయము సరకు వెంట గాక రైతు వెంట పోవుట. ఏ రైతు ఏ తోటనుండి తెచ్చెనో పద్దున్నచో, మన ప్రభుత్వమిచ్చు 4 రూపాయలు మన రైతునకే చేరును. పొరుగుకాయను ఆపవలసిన పని తగ్గును. మూడవది, మొఱపెట్టుకొనుటకు ఒక తావు. ఆఫ్రికా మండలమున, పొలిమేరయొద్ద అడ్డు కలిగిన చిన్నవర్తకుడు సయితము ఆ యడ్డంకిని నివేదించుకొనుట కొక యేర్పాటున్నది. సంబంధించిన ప్రభుత్వము జవాబు చెప్పుకొనవలెను. మన రాజ్యాంగమునందలి 307వ అధికరణము వర్తకస్వేచ్ఛను కాపాడుటకొక యధికారసంస్థను పార్లమెంటు నియమింపవచ్చునని చెప్పినది. ఇన్నేండ్లైనను అట్టి సంస్థ యేర్పడలేదు. ముఖ్యమంత్రులు లేఖలు వ్రాసికొనవచ్చును; శ్రీనివాసపురపు రైతు, మదనపల్లె రైతు ఎవరికి వ్రాయవలెను?

ఆఫ్రికాదేశములు మనకంటె బీదవియో కావో యను విచారము నాకు వలదు. వేర్వేఱు నాణెములు, వేర్వేఱు చట్టములు, పరులు గీసిన పొలిమేరలు గలిగియు, ఏబదినాలుగు రాజ్యములు ఒక్క కాగితముపై సంతకము చేసినవి, చేసిన పిదప తడబడుచున్నవి, తడబడుచునే నడచుచున్నవి. మనకు నాణెమొక్కటి, రాజ్యాంగమొక్కటి, తోతాపురి చెట్టొక్కటి. ఈసారి మామిడి పూతపట్టునాటికి మూడు రాష్ట్రములవారును ఒక్క చాపమీద కూర్చుండగలిగినచో, కోతనాటికి పొలిమేరలో కావలివాని యవసరముండదు.